ఎవరి కుడి

చంద్రగిరిలో ఏకాంబరం మాస్టరు దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాళ్ళను ఎవరినైనా కదిలిస్తే ముందు తప్పుల నోటు సంగతే చెబుతారు. అట్ట ఊడిపోతే దారంతో కుట్టిన నూరు పేజీల పుస్తకం అది. సైన్సు గదిలో మేకుకు వేలాడుతుండేది. తరగతిలో చేసే పనుల్లో ఏది చెడినా అందులో రాయాలి. ఏం జరగాల్సింది, ఏం జరిగింది, ఎవరు ఏం చెప్పడం మరిచారు. రాసిందాన్ని కొట్టేయకూడదు. తప్పు సరిచేసినాక మళ్ళీ ఆడించి చూడాలి. ప్రతి జూన్‌లో బడి తెరవగానే కొత్త పిల్లలు పాత తప్పులన్నీ పైకి చదవాలి.

ఈ కట్టుబాట్లన్నీ మాస్టరు పెట్టినవే. వాటిలో దేన్నీ ఎవరూ తప్పలేదు, ఆయన తప్ప.

మొదటి తప్పు జ్ఞానాంబది. ఎనభై రెండు జూలైలో ఒకరోజు మాస్టరు సుద్దముక్క పట్టుకుని గది మధ్యలో గొంతుకూర్చున్నాడు.

"ఇప్పుడు నేను మీ మాస్టర్ను కాదు, మరబొమ్మను. నాకు బుద్ధి లేదు. చెప్పింది చేస్తాను, చెప్పనిది చేయను. ఎవరైనా వచ్చి నా చేత ముగ్గు వేయించండి, చూద్దాం."

ముగ్గు అనేసరికి ఆడపిల్లలంతా జ్ఞానాంబను ముందుకు తోశారు. ఆ అమ్మాయి మాస్టరుకు ఎదురుగా నిలబడి చుక్కలు పెట్టించింది. ఒక చుక్క పైకి పొమ్మంది, పోయాడు. కుడికి తిరగమంది, తన కుడికి తిరిగాడు.

"అటు కాదు సార్, కుడికి!"

"ఇదే నా కుడి."

"అయ్యో, ఇట్ల సార్, ఇట్ల!"

"ఇట్ల అంటే మరబొమ్మకు తెలీదు."

వెనక బెంచీలో ఎవడో "సార్ ముగ్గు కోడి గీరినట్టు ఉండాదిరా" అన్నాడు. తరగతంతా ఘొల్లుమంది. జ్ఞానాంబ మాత్రం నవ్వలేదు. కాసేపు నేల మీది గీతను, మాస్టరు భుజాలను మార్చి మార్చి చూసింది.

"మీరు నాకెదురుగా కూసున్నారు కదా సార్. నా కుడి మీకు ఎడమ."

"మరి ఎవరి కుడో నువ్వు చెప్పాల్నా, నేను కనిపెట్టాల్నా?"

"నేనే చెప్పాల సార్."

"అయితే రాయి."

నోటులో మొదటి వరుస అలా పడింది. ఎవరి కుడో చెప్పలేదు, జ్ఞానాంబ. ఆ రోజు మాస్టరు నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసిన మాట ఏడాది పొడుగునా అక్కడే ఉంది. యంత్రం తప్పు చేయదు, చెప్పినవాడు చేస్తాడు.

ఈ పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. అంతకు ముందు వేసవిలో తిరుపతిలో సైన్సు మాస్టర్లకు నెలరోజులు శిక్షణ పెట్టారు. అక్కడొకాయన చిల్లులు పొడిచిన అట్టలు కొన్ని తెచ్చి, కంప్యూటరుకు పని చెప్పేది వీటితోనే అన్నాడు. చిల్లు ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట అన్నాడు. మాస్టర్లందరూ వాటిని ప్రసాదంలా చేతులు మార్చుకుని చూశారు. ఏకాంబరం చేతికి రాగానే ఆయన బొటనవేలు దానంతటదే చిల్లుల అంచుల మీదికి పోయింది, ఉలి దెబ్బకు అంచున లేచే గరుకు, బర, ఉందో లేదో చూడటానికి. ఇవి మా అక్క కొట్టే అట్టలే కదా, అనుకున్నాడు. అనుకున్నాడే గాని పైకి అనలేదు.

ఆయనకు ఒక్కగానొక్క అక్క గంగులమ్మ. ఆయనకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. నగరిలో మగ్గాలకు అట్టలు కొట్టేది. బట్టలో పువ్వుగాని పేరుగాని రావాలంటే మగ్గం మీద ఒక పెట్టె ఉంటుంది. ఆ పెట్టెకు చిల్లుల అట్టలు దండలా కుట్టి తగిలిస్తారు. ఒక్కో అట్ట తిరిగేకొద్దీ ఏ పోగులు లేవాలో, ఏవి ఊరుకోవాలో చిల్లులే చెబుతాయి. గంగులమ్మ గళ్ళకాగితం ముందు పెట్టుకుని, ఉలి మీద సుత్తితో టకటకా కొడుతూ పోయేది. పెళ్ళిళ్ళకు పెట్టే పేర్ల తువ్వాళ్ళకు నగరి చుట్టుపక్కల ఆమె అట్టలంటే ఒక లెక్క. అక్షరం ముక్క రాదు. అయినా ఆమె అట్టతో నేసిన పేరులో ఒక్క వంపు తప్పేది కాదు.

ఆ మగ్గాల మీద బట్టను బోర్లా నేస్తారు. మంచి ముఖం కిందికి ఉంటుంది. అందుకని కాగితం మీద కుడివైపు ఉన్నది అట్టలో ఎడమవైపు కొట్టాలి. గంగులమ్మకు ఇది ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. నీళ్ళబిందె ఎత్తుకున్న మనిషి నడుము పక్కకు ఒంగినట్టు ఆమె చెయ్యి దానంతటదే కుడిని ఎడమ చేసేది. ఏకాంబరం ఆ ఇంట్లోనే, ఆ టకటకల మధ్యే పెరిగాడు. నాయన కూలిమగ్గం నేసి నేసి దగ్గుతో పోతే, అక్క ఆ సుత్తి పట్టుకునే తమ్ముణ్ణి బి.ఎస్సీ. దాకా చదివించింది. ఆయనకు ఇదంతా తెలియదా? తెలుసు. మరిచాడు. మరిచిపోవడానికే ఆయన చాలా ఏళ్ళు కష్టపడ్డాడు.

ఉద్యోగంలో చేరిన రోజు మాస్టర్ల గదిలో ఎవరో నవ్వుతూ అంటున్నారు, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూసునేవాళ్ళు గూడా ఇప్పుడు బి.ఎస్సీ.లు చదవతా ఉండారప్పా, అని. ఎవరి గురించో. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు జయరావు గారు "ఏమప్పా, మీ నాయన ఏం చేసేవాడు?" అని అడిగారు. ఏకాంబరం నోరు "జవళి అంగడి సార్, నగరిలో" అంది. అంత చిన్న మాట. తరువాత దాన్ని మోయడానికే సరిపోయింది. అక్కను చంద్రగిరికి రమ్మని ఎప్పుడూ పిలవలేదు. ఆమె కూడా ఎందుకని అడగలేదు.

దసరా సెలవుల తరువాత పిల్లలు బండి మొదలుపెట్టారు. తిరుపతి కొయ్యబొమ్మ ఒకటి కొని, దాని చేతుల్లో పూలపళ్ళెం పెట్టి, నాలుగు చక్రాల చెక్కబండి మీద నిలిపారు. పాడైపోయిన టేపురికార్డర్ల మోటార్లు రెండు, టార్చిలైటు సెల్లులు, అట్టల దండను ముందుకు తిప్పడానికి పాత అలారం గడియారం స్ప్రింగు. అట్ట కింద రాగిరేకు, పైన రెండు ఇత్తడి తీగలు. కుడి చివర చిల్లు వస్తే బండి కుడికి తిరుగుతుంది, ఎడమ చివర వస్తే ఎడమకు, రెండు వైపులా ఉంటే నేరుగా పోతుంది, చిల్లే లేకపోతే ఆగుతుంది. పిల్లలు చెప్పులపెట్టెల అట్టలు కత్తిరించి కంపాసు ముల్లుతో పొడిచారు. బండి నడిచింది. నడిచిన ప్రతిసారీ మెత్తటి అట్ట ఎక్కడో ఒకచోట ఇరుక్కుంది. నోటులో ఇరవై ఏడు తప్పులు పడ్డాయి. ఇరవై ఎనిమిదోసారి పూలపళ్ళెం పట్టుకుని బొమ్మ నేరుగా ఆరు అడుగులు పోయి, కుడికి తిరిగి, మాస్టరు కుర్చీ ముందు ఆగింది. ఆ రోజు పిల్లలు బల్లలెక్కి అరిచారు.

డిసెంబరులో తిరుపతిలో జిల్లా సైన్సు ప్రదర్శన. అక్కడ అట్ట ఇరుక్కుంటే ఎలా? ఏకాంబరం ఒక ఆదివారం నగరికి పోయి అక్క ముందు గళ్ళకాగితం పెట్టాడు.

"ఏందిరా ఏకా, ఇంత చిన్న పని? దీనికి నువ్వే రావాల్నా, ఎవరి చేతన్నా పంపకూడదా?" అంది గంగులమ్మ. సంతోషం ముఖం నిండా ఉంది.

"గట్టి అట్టల మీద కొట్టియ్యి అక్కా. దండ గూడా నువ్వే కుట్టు."

"దారం బస్సు దావలో సడలతాది. నేనే తెచ్చి ఆడ బిగించి ఇస్తాలే. తిరుపతి సూసి గూడా ఏడేండ్లాయ."

వద్దనడానికి ఆయనకు కారణం దొరకలేదు. పుత్తూరు బస్సుకు వేళయిందని లేచాడు. ఇది బట్ట కాదక్కా, తిరగేయొద్దు, అని ఒక్క మాట చెప్పలేదు.

ప్రదర్శన రోజు పొద్దున తొమ్మిదికి గంగులమ్మ బస్సు దిగి, చంకలో అట్టల మూట, చేతిలో రేకుడబ్బాతో హాలుకు వచ్చింది. కండ్లకు కాటుక, తలకు నూనె, పెట్టెలోంచి తీసిన నేతచీర. ఏకాంబరం హెడ్మాస్టరు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె దూరం నుంచే నోరంతా తెరిచి నవ్వి "రే..." అనబోయింది.

"ఎవరప్పా ఆమె?" అన్నారు జయరావు గారు.

"అట్టలు కొట్టే ఆమె సార్. పనికి పిలిపించినాను."

గంగులమ్మ నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. విన్నదో లేదో అని ఏకాంబరానికి ఒక క్షణం ఆశ కలిగింది. ఆమె నవ్వును మడిచి లోపల పెట్టుకుంది, చీరచెంగు భుజం మీదికి లాక్కుంది, మూటను బల్ల మీద దించింది.

"అట్టలు ఈడ పెట్టినాను, సార్" అంది.

ముప్పై నాలుగేళ్ళలో ఆమె తమ్ముణ్ణి సార్ అనడం అదే మొదటిసారి. అబద్ధానికి ఒక చివర ఆయన పట్టుకుంటే రెండో చివర ఆమె పట్టుకుంది, బరువంతా ఒక్కడి మీద పడకుండా.

తరువాత ఆమె పిల్లలతో కలిసి నేలమీద కూర్చుని దండ బిగించింది. జ్ఞానాంబ వచ్చి "సార్, ఒకసారి ఆడించి చూద్దామా?" అని అడిగింది. ఏకాంబరం అటువైపు చూడలేకపోతున్నాడు. ఆ గుంపులోకి పోతే అక్క పక్కన కూర్చోవాలి. "కొత్త సెల్లులు, అయిపోతాయి. వద్దు" అన్నాడు. తన నోటితో పెట్టిన కట్టుబాటును తన నోటితోనే తోసేశాడు.

పదకొండుకు ముఖ్య అతిథి వచ్చాడు. శ్రీహరికోటలో రాకెట్ల దగ్గర పనిచేసే ఇంజనీరు, నెమ్మదైన మనిషి. ఆయన్ను వేదిక ముందు, బండికి కుడివైపు కుర్చీలో కూర్చోబెట్టారు. ఎడమ చివర సోడాబుడ్ల పెట్టె పక్కన అటెండరు మునిరామయ్య నిలబడి ఉన్నాడు. జ్ఞానాంబ స్విచ్చు వేసింది. బొమ్మ పూలపళ్ళెం పట్టుకుని ఆరు అడుగులు నేరుగా, దొరసానిలా నడిచింది. బొమ్మ ఆగింది, తిరిగింది, ఎడమకు. తిన్నగా పోయి మునిరామయ్య కాళ్ళ ముందు నిలబడి పళ్ళెం చాపింది.

"నాకా తల్లీ?" అన్నాడు మునిరామయ్య. హాలు కూలినంత నవ్వు.

"పనిచేసేవాడెవరో బొమ్మకు తెలుసప్పా!" అని ఎవరో అరిచారు. "సోడా కొట్టియ్యి మునిరామయ్యా, ఎండనబడి వచ్చింది పాపం!"

ఇంజనీరు కూడా నవ్వాడు. నవ్వి, లేచి వచ్చి, బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "భలే చేశారే. నడక బాగుంది. తప్పు ఎక్కడ పడిందంటారు మాస్టారూ?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

ఏకాంబరానికి బొమ్మ తిరిగిన క్షణంలోనే తెలిసిపోయింది. బోర్లా బట్ట. తిరగేసిన అట్ట. చెప్పని మాట. ఆ మూడూ ఒకదాని వెంట ఒకటి గుండెలో దిగాయి. చెప్పాలంటే బట్ట గురించి చెప్పాలి. బట్ట గురించి నీకెలా తెలుసంటే మగ్గం గురించి చెప్పాలి. చుట్టూ నవ్వుముఖాలు, జయరావు గారి ముడిపడిన బొమలు, తన పిల్లల ఇరవై జతల కళ్ళు.

"అట్టలు కొట్టినామె తప్పు సార్. చదువులేని మనిషి. కుడి ఎడమ తెలీదు" అన్నాడు.

స్తంభం పక్కన నిలబడి ఉన్న గంగులమ్మ ముందుకు వచ్చింది. ఎవరి ముఖమూ చూడలేదు. బండి మీది దండను విప్పి, అటుది ఇటు చేసి, వెనుక వైపు పైకి తెచ్చి మళ్ళీ తగిలించింది. రెండు నిమిషాల పని.

"నాదే తప్పు సామీ. బట్టకు కొట్టినట్టు కొట్టేసినా. తిరగేస్తే సరిపోతాది" అంది ఇంజనీరుతో.

ఇంజనీరు ఆమె వేళ్ళ వైపు చూశాడు. "ఇంత తొందరగా తప్పు పట్టుకోవడానికి మా దగ్గర పెద్ద చదువులవాళ్ళకే పూట పడుతుందమ్మా. మీ పేరేమిటి?" అన్నాడు.

"పేరెందుకులే సామీ" అందామె.

రెండోసారి బొమ్మ కుడికి తిరిగి ఇంజనీరు కుర్చీ ముందు ఆగింది. సాయంత్రం రెండో బహుమతి ప్రకటించారు. ప్రశంసాపత్రం మీద ఏకాంబరం పేరుంది. అది చేతికి తీసుకుని ఆయన హాలంతా వెతికాడు. గంగులమ్మ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది.

సోమవారం తరగతిలో జ్ఞానాంబ రేకుడబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ యమ్మ నిప్పట్లు తెచ్చింది సార్. మా అందరికీ పెట్టింది. నాలుగు మాత్రం మీకు ఇమ్మని దాచింది." డబ్బా మూత తీస్తూ అడిగింది. "మా ఏకాకు నిప్పట్లంటే పానం అనింది సార్. ఏకా అంటే ఎవరు సార్?"

"నాకేం తెలుసమ్మా."

ఆ అమ్మాయి నోటు తెరిచింది. "మొన్నటిది రాయాల సార్. ఎవరి తప్పని రాసేది?"

అదొక దారి. దేవుడు రెండోసారి తెరిచి పెట్టిన తలుపు. ఏకాంబరం నల్లబల్ల వైపు తిరిగి, ఉన్న అక్షరాల మీదే మళ్ళీ సుద్దతో దిద్దుతూ "అట్టలు కొట్టిన ఆమెది" అన్నాడు. జ్ఞానాంబ ఒక నిమిషం కలం ఎత్తి పట్టుకుంది. తరువాత రాసింది. ఆ నాలుగు నిప్పట్లు ఆయన గదిలో మెత్తబడిపోయేదాకా ఉన్నాయి. తినలేకపోయాడు, పారేయలేకపోయాడు.

సంక్రాంతి దాటాక నగరికి పోయాడు. చెప్పేయాలనే పోయాడు. గంగులమ్మ ఎప్పటిలాగే "వచ్చినావా ఏకా, కూసో, కాళ్ళు కడుక్కో" అంది. తిరుపతి మాట ఎత్తలేదు. సంగటి పెట్టి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. లేచేటప్పుడు కొత్త అట్టల దండ చేతిలో పెట్టింది.

"ఈసారి తిరగేయకుండా కొట్టినా. పిల్లకాయలకియ్యి. ఆడించి సూసి నాకు చెప్పు, బాగా నడస్తా ఉండాదో లేదో."

తిట్టి ఉంటే ఆయన కాళ్ళ మీద పడేవాడు. తిట్టకపోవడంతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఉగాదికి ఒకసారి, మే నెలలో ఒకసారి పోయాడు. ప్రతిసారీ మాట గొంతు దాకా వచ్చి, బస్సు వేళ కాగానే లోపలికి పోయింది. వచ్చేసారి చెబుతాను అనుకునేవాడు. వచ్చేసారి అనేది తన పెట్టెలో డబ్బులాగా ఎప్పుడూ ఉంటుందనుకున్నాడు.

ఎనభై మూడు జూన్‌లో కొత్త పిల్లలు నోటు పైకి చదివారు. "బొమ్మ కుడికి పోవాల్సింది. ఎడమకు పోయింది. తప్పు, అట్టలు కొట్టిన ఆమెది. కుడి ఎడమ తెలీదు." ఎవరో కిసుక్కున నవ్వారు. ఏకాంబరం కిటికీలోంచి కోటగుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. అక్క అప్పటికి బతికే ఉంది. ముప్పై తొమ్మిది మైళ్ళ దూరంలో, అదే వేళకు, ఎవరి పెళ్ళి తువ్వాలుకో పేరు కొడుతూ ఉండి ఉంటుంది. "తరువాతది చదవండి" అన్నాడు.

మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో, పరీక్ష పేపర్లు దిద్దుతుండగా బావ కోదండం దగ్గర నుంచి మనిషి వచ్చాడు. అక్కకు మూడు రోజుల జ్వరమట. మూడో రోజు కూడా లేచి కూర్చుని అట్టలు కొట్టిందట. ఏకాంబరం పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఎడమచేతి బొటనవేలి మీద ఉలి కాయ నల్లగా, పెసరగింజంత ఉంది. ఆ వేలు పట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నాడు. "మీ అక్క అడిగేది" అన్నాడు కోదండం, కండ్లు తుడుచుకుంటూ. "బండి బాగా నడస్తా ఉండాదో లేదో మావోడు చెప్పనేలేదే అని." దండ ఇచ్చి ఏడాది దాటింది. ఆ ఒక్క మాట కూడా ఆయన చెప్పలేదు.

జూన్‌లో బడి తెరిచారు. కొత్త పిల్లలు నోటు తీశారు. చౌడేశ్వరి అనే పొట్టి పిల్ల, గొంతు కంచుగంట, లేచి చదవడం మొదలుపెట్టింది. ముగ్గు తప్పు చదివింది, అట్ట ఇరుక్కున్న తప్పులు చదివింది. "తప్పు, అట్టలు కొట్టిన ఆమెది..."

"ఆగమ్మా" అన్నాడు ఏకాంబరం.

ఆయన కుర్చీలోంచి లేచాడు. లేచి పిల్లల మధ్యకు వచ్చి, ముగ్గు వేసిన రోజు కూర్చున్నచోటే నిలబడ్డాడు.

"ఆమె పేరు గంగులమ్మ. మా అక్క. మా నాయనకు జవళి అంగడి లేదు, కూలిమగ్గం నేసినాడు. నన్ను చదివించింది ఆమె. ఆమె అట్టలు కొట్టింది బట్టకు కొట్టినట్టు, అది ఆమె పని. ఇది బట్ట కాదని నేను చెప్పలేదు. కొట్టినాక ఆడించి చూడనీలేదు. అందరి ముందరా ఆమెకు కుడి ఎడమ తెలీదన్నాను. తెలియంది నాకు."

గుమ్మంలో ఎవరో నీడ కదిలింది. జయరావు గారు రిజిస్టరు కోసం వచ్చి నిలబడిపోయారు. ఏకాంబరం ఆయన్ను చూశాడు. చూసి, ఆపలేదు.

"పాతది కొట్టేయొద్దు. దాని కింద రాయి. ఎవరి కుడో చెప్పలేదు, ఏకాంబరం."

చౌడేశ్వరి నాలుక బయటపెట్టి శ్రద్ధగా రాసింది. రాసి, పుస్తకం మొదటి పేజీ తిప్పి చూసింది. అక్కడ కట్టుబాట్లు రాసి ఉన్నాయి.

"సార్, సరిచేసినాక మళ్ళీ ఆడించి చూడాల అని ఉండాది."

"ఆడిద్దాం."

అలమరలోంచి బండి తీశారు. గంగులమ్మ తిరగేయకుండా కొట్టిన దండ, ఏడాదిన్నరగా ఆయన కాగితంలో చుట్టి దాచిందాన్ని, మొదటిసారి తగిలించారు. బొమ్మ ఆరు అడుగులు పోయింది, కుడికి తిరిగింది, ఆగింది. ఒక్కచోట కూడా ఇరుక్కోలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"బాగా నడస్తా ఉండాది సార్!" అంది చౌడేశ్వరి. "ఆ యమ్మకు చెప్తారా?"

ఏకాంబరం బండి పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. దండ అంచున బొటనవేలితో తడిమాడు. బర లేదు.

"చెప్పాల్సింది" అన్నాడు.

అది కూడా రాయాలా అని ఆ పిల్ల అడగలేదు. ఆయనే నోటు తీసుకుని, తన చేతితో, ఆ వరుస కింద ఇంకో వరుస రాశాడు. నడిచిందో లేదో చెప్పలేదు, ఏకాంబరం. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ప్రతి జూన్‌లో మిగిలిన తప్పులన్నీ పిల్లలు చదివేవాళ్ళు. ఆ రెండు వరుసలూ మాత్రం ఆయనే లేచి నిలబడి చదివేవాడు.